ఎదిగే దేశం యుద్ధానికి దిగుతుందా, శాంతిగా ఉంటుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు పదిహేను ఇరవై మందిమి కూర్చుంటాం. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు వస్తారు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు వస్తారు. సోమవారం వేలానికని ఒకరోజు ముందే మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి, సాయంత్రానికి తీరిక దొరికిన రైతులు ఇద్దరు ముగ్గురు వస్తారు. నేను ముప్పై రెండేళ్లు డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పాను. ఏ సంగతితో మొదలుపెట్టినా ఈ మధ్య మాట చైనా దగ్గరికే చేరుతోంది. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. రాలేనివాళ్లకి కూడా పనికొస్తాయి.

సూటిగా చెప్పండి మాస్టారూ. చైనా యుద్ధం చేస్తుందా, చేయదా?

ఫలానా ఏడు, ఫలానా చోట అని చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. చరిత్ర చదివినకొద్దీ నాలో గట్టిపడిన అభిప్రాయం మాత్రం ఒకటుంది. దేశం ఎదిగినంత మాత్రాన యుద్ధం రాదు. ఎదిగేవాడికి "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ కుదరదు" అనిపించినప్పుడు వస్తుంది. లేదా పాత పెద్దకి "ఇప్పుడే ఆపకపోతే ఇక మన చేతిలో ఉండదు" అనిపించినప్పుడు వస్తుంది. కాలం తనవైపే ఉందని నమ్మినవాడు ఓపిక పడతాడు. చేయిజారిపోతోందని భయపడ్డవాడు తొందరపడతాడు. అందుకే చైనా మంచిదా చెడ్డదా అని వాదించుకునే బదులు, బీజింగ్‌లో నిర్ణయాలు తీసుకునేవాళ్లు తమకి ఇంకా ఎంత టైముందని అనుకుంటున్నారో గమనించమంటాను. కింద రాసినవన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

ఎదిగేవాడికీ పాతవాడికీ యుద్ధం తప్పదని ఒక సిద్ధాంతం ఉందట కదా?

ఉంది. గ్రూప్స్ పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. రెండువేల నాలుగువందల ఏళ్ల కిందట గ్రీసులో ఏథెన్స్ ఎదిగింది, స్పార్టా భయపడింది, క్రీ.పూ. 431లో యుద్ధం మొదలై 27 ఏళ్లు సాగింది. ఆ యుద్ధ చరిత్ర రాసిన థుసిడిడీస్ అసలు కారణం ఏథెన్స్ ఎదుగుదల, దాన్ని చూసి స్పార్టాకి పుట్టిన భయం అన్నాడు. మన కాలంలో హార్వర్డ్ ప్రొఫెసర్ గ్రాహం ఎలిసన్ గత 500 ఏళ్లలో ఇలాంటి సందర్భాలు 16 లెక్కతీసి, వాటిలో 12 యుద్ధంతోనే ముగిశాయన్నారు.

పన్నెండు అనగానే గుండె జారుతుంది. నేను మాత్రం పిల్లలకి రెండు విషయాలు గుర్తుచేస్తాను. థుసిడిడీస్ చెప్పిన కారణంలో సగం ఎదుగుదల, సగం భయం. అందరూ మొదటి సగాన్నే పట్టుకుని మాట్లాడతారు. యుద్ధానికి ఓటేసింది స్పార్టా సభ, అంటే పాత పెద్ద. ఇక రెండోది: మిగిలిన నాలుగు సందర్భాల్లో ఏం జరిగిందో చూడకుండా పన్నెండింటి గురించి మాత్రమే మాట్లాడితే ఏమీ నేర్చుకోనట్టే.

అయితే యుద్ధం లేకుండా పెద్దరికం చేతులు మారిన సందర్భం నిజంగా ఉందా?

ఉంది. బ్రిటన్ నుంచి అమెరికాకి మారింది. అంతకుముందు ఆ ఇద్దరూ రెండుసార్లు కొట్టుకున్నవాళ్లే. 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌ని తగలబెట్టింది. అయినా 1895లో వెనెజువెలా సరిహద్దు తగాదాలో అమెరికా గట్టిగా గొంతు పెంచితే, బ్రిటన్ ఆలోచించుకుని మధ్యవర్తుల తీర్పుకి ఒప్పుకుంది. 1901లో మధ్య అమెరికాలో కాలువ తవ్వుకునే హక్కు పూర్తిగా అమెరికాకే వదిలేసింది. అది మంచితనంతో చేసిన పనేం కాదు. పక్కన జర్మనీ నౌకలు కడుతోంది, దూరాన ఉన్న కెనడాని కాపాడుకోవడం కష్టం. అన్ని చోట్లా పెద్దరికం నిలబెట్టుకోలేనని లెక్క వేసుకుని, ఒకచోట తగ్గింది.

ఈ కథని చాలామంది శాంతి కథగా చెబుతారు. పూర్తిగా కాదు. అదే అమెరికా 1898లో స్పెయిన్ మీదికి వెళ్లి ఫిలిప్పీన్స్‌ని తీసుకుంది. ఆ తర్వాత స్వాతంత్ర్యం కావాలన్న ఫిలిప్పీన్స్ ప్రజలతోనే యుద్ధం చేసింది. ఎదిగేవాడు బలవంతుడితో సర్దుకుపోతూ బలహీనుడి మీద చెయ్యి చేసుకోవచ్చు. ఇవాళ దక్షిణ చైనా సముద్రంలో జరుగుతున్నది నాకు ఇలాగే కనిపిస్తుంది. అమెరికా యుద్ధ నౌక వస్తే చైనా నౌక వెంట నడుస్తుంది, హెచ్చరిస్తుంది. ఫిలిప్పీన్స్ పడవ వస్తే నీటి ఫిరంగితో కొడుతుంది. 2016 జూలై 12న అంతర్జాతీయ ట్రైబ్యునల్ ఆ సముద్రం మీద చైనా చెప్పుకునే చారిత్రక హక్కుకి చట్టబలం లేదని తీర్పిచ్చింది. చైనా దాన్ని చెల్లదంది. పెద్ద యుద్ధం లేదు కాబట్టి శాంతి ఉందని మనం అనుకుంటాం. వల వేసుకునే చోటు పోగొట్టుకున్న ఆ జాలరికి అలా అనిపించదు.

మరి జర్మనీ ఎందుకు ఆగలేకపోయింది?

1871లో ఒక్కటైన జర్మనీ 1890ల్లో ఉక్కు ఉత్పత్తిలో బ్రిటన్‌ని దాటింది. ఇంకో ఇరవై ఏళ్లు ఊరికే ఉండి ఫ్యాక్టరీలు నడుపుకున్నా యూరప్‌లో దాని మాటకి తిరుగుండేది కాదని నా నమ్మకం. కానీ 1898 నుంచి బ్రిటన్‌తో పోటీగా నౌకాదళం కట్టడం మొదలుపెట్టింది. దాంతో బ్రిటన్ తన పాత శత్రువులు ఫ్రాన్స్, రష్యాలతో చేతులు కలిపింది. తన చుట్టూ కంచె పడుతోందని జర్మనీ బెదిరింది. రష్యా సైన్యాన్ని పెంచుకునే పథకం 1917కల్లా పూర్తవుతుందని, ఆ తర్వాత గెలవలేమని జర్మన్ సేనానులు లెక్కలేశారు. యుద్ధం ఎంత త్వరగా వస్తే అంత మంచిదని సేనాధిపతి మోల్ట్‌కే 1912 డిసెంబరులోనే చక్రవర్తి ముందు అన్నాడు. 1914 వచ్చేసరికి తలలో ఆ లెక్కే ఉంది. కాలం తమవైపు ఉన్నప్పుడు లేదనుకున్నారు.

ఇవన్నీ ఎక్కడో యూరప్ సంగతులు. మన ప్రాంతం దాకా వచ్చిన ఉదాహరణ ఏమైనా ఉందా?

ఎందుకు లేదు? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా అమ్మకి అప్పుడు పన్నెండేళ్లు, బెజవాడ గవర్నర్‌పేటలో ఉండేవాళ్లు. రెండు రోజులకి విశాఖ నుంచి మేనత్తగారి కుటుంబం రైలు దిగింది. ఏడుగురు మనుషులు, ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి బిందె. బిందెలో నీళ్లు లేవు, దేవుడి విగ్రహాలు తడిగుడ్డలో చుట్టి పెట్టుకొచ్చారు. ఆ రాత్రి లాంతరుకి నల్లగుడ్డ కట్టి, ఆ కాస్త వెలుతురులోనే అన్నాలు తిన్నారట. విమానం చప్పుడు వినపడిందని ఎవరో అంటే పిల్లల్ని మంచాల కింద పడుకోబెట్టారట. తీరా వింటే అది రైలు. ఎనభై ఏళ్లు దాటాక కూడా అమ్మ ఈ సంగతి చెబుతూ ఆ రైలు చప్పుడు దగ్గర ఆగిపోయేది.

జపాన్ మన మీదికి ఎందుకొచ్చినట్టు? అదీ ఎదుగుతున్న శక్తే. 1905లో రష్యాని ఓడించింది, 1931లో మంచూరియాని ఆక్రమించింది, 1937 నుంచి చైనాలో కూరుకుపోయింది. అది వాడే చమురులో ఎక్కువ భాగం అమెరికా నుంచే వచ్చేది. 1941 వేసవిలో అమెరికా ఆ చమురు ఆపేసింది. నిల్వలు రెండేళ్లకి మించి రావు. వెనక్కి తగ్గితే పరువు పోతుంది, ఊరుకుంటే చమురు అయిపోతుంది. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద పడింది, నాలుగు నెలల్లో బంగాళాఖాతానికి వచ్చింది. ఆగడానికి దారి, తగ్గడానికి దారి రెండూ మూసుకుపోయినట్టు అనిపించిన దేశం ఎంతకి తెగిస్తుందో జపాన్‌ని చూస్తే తెలుస్తుంది.

వ్యాపారం ఉంటే యుద్ధం రాదంటారు కదా. మా తేజ కాయ చైనాకే పోతోంది. ఆ ధైర్యం చాలదా?

ఈ ప్రశ్న ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చే ఒక రైతు అడిగాడు. నాకు బాగా నచ్చిన ప్రశ్న. మన మిర్చి కొనే దేశాల్లో చైనా ముందు వరసలో ఉంటుంది. ఘాటెక్కువ కాబట్టి తేజ అంటే వాళ్లకి మక్కువ. వంటకీ, కాయ నుంచి తీసే నూనెకీ కొంటారు. యార్డు చుట్టుపక్కల షెడ్లలో ఆడవాళ్లు బారులుగా కూర్చుని ఎగుమతి సరుకుకి తొడిమలు తీస్తుంటారు. ఒకసారి చూడటానికి వెళ్లాను. లోపల అడుగుపెట్టగానే తుమ్ములు, కళ్లమ్మట నీళ్లు. ముక్కుకి చీర కొంగు బిగించుకున్న ఒకావిడ చేతులు ఆపకుండానే, "ఇవన్నీ చైనా పోతాయి బాబాయ్‌గారూ" అంది. ఆ దేశం ఎక్కడుందో ఆమెకి తెలియకపోవచ్చు. ఆ దేశంలో తలుపులు మూస్తే తన కూలి ఆగుతుందని మాత్రం తెలుసు. 2020 ఫిబ్రవరిలో కరోనాతో చైనా ఆర్డర్లు ఆగగానే ఇక్కడ ధర జారిపోవడం మనందరం చూశాం.

అయినా వ్యాపారం ఒక్కటే యుద్ధాన్ని ఆపుతుందని నేను చెప్పలేను. 1914కి ముందు బ్రిటన్, జర్మనీ ఒకరికొకరు పెద్ద ఖాతాదారులు. రేపూ ఈ సరుకు వస్తుంది, రేపూ వీడు కొంటాడు అన్న నమ్మకం ఉన్నంతకాలం వ్యాపారం శాంతి వైపు లాగుతుంది. రేపు వీడు ఆపేస్తాడేమో అన్న అనుమానం వస్తే, అదే వ్యాపారం మెడకి ఉరితాడులా కనిపిస్తుంది.

పైగా మన వ్యాపారం సమానంగా లేదు. 2024-25లో చైనా నుంచి మనం తెచ్చుకున్న సరుకు విలువ 11,300 కోట్ల డాలర్ల పైన, వాళ్లకి అమ్మింది సుమారు 1,400 కోట్ల డాలర్లు. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతికి అడ్డు పెడితే మన వాహనాల కంపెనీలకి టెన్షన్ పట్టుకుంది. మిర్చి వాళ్లు ఇంకోచోట కొనుక్కోగలరు. ఆ అయస్కాంతాలు మనకి అంత తేలిగ్గా ఇంకోచోట దొరకవు. అందుకని ఆ రైతుకి నేను చెప్పింది ఇది: కాయ అమ్ము, మంచి ధరకే అమ్ము, కానీ ఒక్క దేశాన్నే నమ్ముకుని ఎకరాలు పెంచొద్దు. ఇది యుద్ధానికీ వర్తిస్తుంది, రోగాలకీ వర్తిస్తుంది.

చైనా చరిత్రలో ఎప్పుడూ శాంతి దేశమేనని వాళ్లు అంటారు. నిజమా?

కొంత నిజం. 7వ శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ మన ధాన్యకటకానికి, అంటే ఇప్పటి అమరావతి ధరణికోట ప్రాంతానికి వచ్చి, ఇక్కడి భిక్షువుల దగ్గర శాస్త్రం చదువుకుని వెళ్లాడు. చైనా నుంచి మన ఉమ్మడి గుంటూరు జిల్లాకి వచ్చినవాళ్లలో చరిత్రకెక్కిన మనిషి ఒక విద్యార్థి కావడం నాకు సంతోషం. 15వ శతాబ్దంలో జెంగ్ హె పెద్ద నౌకలతో ఏడుసార్లు హిందూ మహాసముద్రం తిరిగాడు, కాలికట్ వచ్చాడు, కాలనీలు పెట్టలేదు. ఇది వాళ్లు గర్వంగా చెబుతారు. అదే జెంగ్ హె శ్రీలంకలో తనకి ఎదురుతిరిగిన పాలకుణ్ణి పట్టుకుని చైనాకి తీసుకుపోయిన సంగతి అంతగా చెప్పరు.

1949 తర్వాత చూస్తే 1950లో కొరియా, 1962లో మనం, 1969లో సోవియట్ సరిహద్దు, 1979లో వియత్నాం. వియత్నాం తర్వాత చైనా పెద్ద యుద్ధం చేయలేదు. నలభై అయిదేళ్లు దాటింది. అమెరికాకి ఈ మాట అనే వీల్లేదు, రష్యాకీ లేదు. ఆ నాలుగు యుద్ధాలనీ, ఈ నలభై అయిదేళ్లనీ కలిపి చూడాలి. 1962, 1979 యుద్ధాల తీరు గమనించండి: హఠాత్తుగా మొదలై, నెల రోజుల్లో ముగిసి, "పాఠం చెప్పాం" అని వెనక్కి వెళ్లిన యుద్ధాలు. మన మీద దండెత్తి ఢిల్లీ దాకా వస్తారన్న భయం నాకు లేదు. కొండల్లో ఒక చిన్న దెబ్బ కొట్టి, మన చేతులు కట్టేయాలని చూస్తారేమో అన్నదే నా అనుమానం.

1962లో మీరు చిన్నపిల్లాడు. ఏమైనా గుర్తుందా?

ఎనిమిదేళ్లు నాకు. యుద్ధం అంటే ఏంటో తెలియదు. స్కూల్లో హెడ్మాస్టరుగారి బల్ల మీద రక్షణ నిధి పెట్టె పెట్టారు. నేను అయిదు నయాపైసల బిళ్ల వేశాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ అద్దం ముందు నిలబడి చెవి దుద్దులు తీస్తోంది. ఎడమ చెవిది బిగుసుకుపోయింది, కొబ్బరినూనె రాసి తిప్పుతోంది. చెవి ఎర్రగా కందింది. వీధిలో ఆడవాళ్లందరూ ఏదో ఒకటి ఇస్తున్నారు. నాన్న వద్దనలేదు, సరేననీ అనలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు అమ్మ చెవులకి వేపపుల్లలే.

ఎందుకు జరిగిందంటే: 1954 ఏప్రిల్ 29న పంచశీల ఒప్పందం చేసుకున్నాం, భాయీ భాయీ అనుకున్నాం, సరిహద్దు గీత ఎక్కడో మాత్రం తేల్చుకోలేదు. 1959లో టిబెట్‌లో తిరుగుబాటు వచ్చింది, దలైలామా మన దగ్గరికి వచ్చారు. టిబెట్ చేయిజారుతుందేమోనని బీజింగ్ భయం. మనం సరిపడా సైన్యం, బట్టలు, రోడ్లు లేకుండా కొండల మీద పోస్టులు ముందుకి పెట్టాం. అక్టోబరు 20న దాడి మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే క్యూబా క్షిపణుల గొడవతో అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచున ఉన్నాయి. మన వైపు చూసే తీరిక ఎవరికీ లేదు. నవంబరు 21న చైనా తనంతట తనే కాల్పులు ఆపింది. ఎదుటివాడి భయం మనకి అర్థం కాలేదు, మన బలహీనత మనకి కనిపించలేదు. ఇందులో ఏ ఒక్కటి సరిదిద్దుకున్నా చాలామంది బతికేవాళ్లని ఇప్పటికీ అనిపిస్తుంది.

గల్వాన్ తర్వాత ఇప్పుడెలా ఉంది?

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే ప్రతి బస్సూ సూర్యాపేట మీదుగానే పోతుంది. కల్నల్ సంతోష్ బాబు ఆ ఊరి బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో ఆయనతో కలిపి మనవాళ్లు 20 మంది ప్రాణాలు పోయాయి. తమవైపు నలుగురు చనిపోయారని చైనా 2021లో ఒప్పుకుంది. ఒక్క తూటా పేలలేదు. సరిహద్దులో తుపాకులు వాడకూడదన్న 1996 ఒప్పందాన్ని ఆ రాత్రి కూడా పాటించారు, రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కడ్డీలతో కొట్టుకున్నారు. ఒప్పందం గొప్పదనం ఎంతో, దాని హద్దు ఎక్కడో ఆ ఒక్క రాత్రి చూపించింది. తూటాలు పేలి ఉంటే ఆ ఇరవై ఎంతయ్యేదో.

ఆ తర్వాత 59 యాప్‌లు నిషేధించాం, కరోనాతో ఆగిన విమానాలు మళ్లీ మొదలు కాలేదు, వీసాలు ఆగాయి. 2024 అక్టోబరులో దెప్సాంగ్, దెమ్‌చోక్‌ల దగ్గర గస్తీ మీద ఒప్పందం కుదిరింది, రష్యాలోని కజాన్‌లో ప్రధాని మోదీ, షీ జిన్‌పింగ్ కలిశారు. 2025 అక్టోబరులో నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి. వేడి తగ్గింది. సైనికులు ఎదురెదురుగా నిలబడటం తగ్గింది కానీ, ఆ గీత వెంట మోహరించిన వేలమంది ఇంకా ఇళ్లకి రాలేదు.

బలంలో మనకీ వాళ్లకీ పోలికెంత?

చైనా ప్రకటించే రక్షణ బడ్జెట్ మన బడ్జెట్‌కి సుమారు మూడు రెట్లు. మనది 2025-26లో 6.81 లక్షల కోట్ల రూపాయలు. అయితే కొండల్లో లెక్క వేరు. పైన కూర్చున్నవాణ్ణి దించాలంటే కింద నుంచి వచ్చేవాడికి చాలా మంది కావాలి. మనం సమానం కానక్కర్లేదు. వాళ్లకి "తేలిగ్గా అయిపోతుంది" అనిపించకుండా ఉంటే చాలు.

మన హైవే మీద యుద్ధ విమానాలు దించుతున్నారు. యుద్ధం దగ్గరపడినట్టేనా?

కాదు. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 2022 డిసెంబరులోనూ, 2024 మార్చిలోనూ వైమానిక దళం ట్రయల్స్ చేసింది. ఎయిర్‌పోర్టు దెబ్బతిన్నా, తుఫాను వచ్చినా వాడుకోవడానికి కట్టిన రన్‌వే అది. రాజస్థాన్‌లో, ఉత్తరప్రదేశ్‌లో కూడా ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, భయపడకండి.

తైవాన్ మీద ఎందుకంత గొడవ? మనకేం సంబంధం?

1949లో చైనా అంతర్యుద్ధంలో ఓడిన పక్షం ఆ ద్వీపానికి వెళ్లింది. చైనా దాన్ని తన భాగమే అంటుంది. మధ్యలో సముద్రం సన్నగా ఉన్నచోట 130 కిలోమీటర్లు, గుంటూరు నుంచి ఒంగోలు దాటి కాస్త వెళ్లినంత దూరం. ప్రపంచంలో అతి అధునాతనమైన చిప్‌లలో అత్యధిక భాగం అక్కడే తయారవుతాయి. అక్కడ యుద్ధం వస్తే మీ చేతిలో ఫోను, ఇంటి ముందు కారు, ఆసుపత్రిలో స్కానింగ్ మెషీన్ అన్నిటికీ కొరత వస్తుంది.

నేను ముందు చెప్పిన టైము లెక్క అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇక్కడే. 2005లో చైనా ఒక చట్టం చేసింది. శాంతియుతంగా కలిసే అవకాశాలన్నీ పూర్తిగా అడుగంటితే వేరే మార్గాలు వాడవచ్చని అందులో రాసుకుంది. అంటే ఇంకా అవకాశం ఉందని బీజింగ్ నమ్మినన్నాళ్లు ఆగడానికి వాళ్లకి వాళ్ల చట్టంలోనే చోటుంది. తైవాన్‌లో కొత్త తరం తమని చైనీయులుగా అనుకోవడం తగ్గిపోతోంది. స్వతంత్రం ప్రకటించకుండా, లొంగిపోకుండా, ఈ సందిగ్ధం ఎంతకాలం సాగితే అంత మంచిదని నేననుకుంటాను. తేల్చేయాలని తొందరపెట్టేవాళ్లు ఏ వైపున్నా నాకు భయమే.

చైనా జనాభా తగ్గుతోంది కదా. బలహీనపడితే మనకి మంచిదేగా?

ఇక్కడ నా మనసు రెండువైపులా లాగుతుంది. 1961 తర్వాత తొలిసారిగా 2022లో చైనా జనాభా తగ్గింది, 2023లో మనం దాటేశాం. పనిచేసే వయసువాళ్లు తగ్గుతున్నారు, ఇళ్ల వ్యాపారం కుదేలైంది. "మన శిఖరం ఇదే, ఇకపై దిగడమే" అని నాయకత్వానికి అనిపిస్తే జర్మనీ లెక్క, జపాన్ లెక్క మొదలవుతుందన్నది నా భయం. ఎదుగుతున్న చైనా కంటే, ఎదుగుదల ఆగిపోయిందని కంగారుపడే చైనా ఎక్కువ ప్రమాదం.

రెండోవైపు చూడండి. 2015 దాకా సుమారు 35 ఏళ్లు ఒకే బిడ్డ నిబంధన నడిచింది. ఆ సైన్యంలో చాలామంది వాళ్ల ఇళ్లలో ఏకైక సంతానం. కొడుకు పోతే ఆ అమ్మానాన్నలకి ముసలితనంలో ఎవరూ ఉండరు. ఏ ప్రభుత్వమైనా ఆ తల్లిదండ్రులకి జవాబు చెప్పుకోవాలి. ఈ రెండింటిలో ఏది బరువు తూగుతుందో తేల్చడం నా వల్ల కాలేదు.

అణ్వాయుధాలు ఉన్నాయి కాబట్టి పెద్ద యుద్ధం రాదు కదా?

పెద్దది రాకుండా చాలావరకు ఆపుతాయి. ముందుగా వాడబోమని చైనా 1964లోనే చెప్పింది, మనమూ చెప్పాం. గల్వాన్ లాంటివాటిని అవి ఆపలేవు.

మీరు ప్రతిసారీ కారంపూడి ఎందుకు తీసుకొస్తారు?

పల్నాటి యుద్ధం జరిగిన ఊరది. పల్నాటి వీరుల ఉత్సవాలు ఏటా కార్తీకంలో అక్కడ అయిదు రోజులు జరుగుతాయి. ఆ రోజుల పేర్లు చూడండి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రెండో రోజే రాయబారం. కథ ప్రకారం మాట్లాడటానికి వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. గురజాలకీ మాచర్లకీ మధ్య పగ అంతకుముందే ఉంది, కోడిపందెం ఉంది, అడవులకి పంపడం ఉంది. ఇవన్నీ ఉన్నా ఇంకా మాటకి చోటుంది. రాయబారి పోయాక మాట్లాడేవాడు లేడు. కారంపూడి నేలమీద రెండు వైపులా అన్నదమ్ముల బిడ్డలే పడిపోయారు. ఉత్సవాల్లో వీరుల ఆయుధాలు ఎత్తుకుని ఊగిపోయేవాళ్ల మొహాల్లో నాకు విజయం ఎన్నడూ కనిపించలేదు. ఏడుపే కనిపించింది.

క్యూబా గొడవ తర్వాత 1963లో అమెరికా, సోవియట్‌లు నేరుగా మాట్లాడుకునే హాట్‌లైన్ పెట్టుకున్నాయి. మన సైన్యానికీ చైనా సైన్యానికీ మధ్య సరిహద్దులో హాట్‌లైన్లు ఉన్నాయి. నా దృష్టిలో అవి ఫిరంగుల కంటే తక్కువవి కావు.

మన దేశమూ ఎదుగుతున్నదే. మన సంగతేంటి?

అందరూ దాటేసే ప్రశ్న ఇది. మనం చైనాని చూసినట్టు మనల్ని చూసే చిన్న దేశాలు ఉన్నాయి. 2015లో నేపాల్ సరిహద్దులో నెలల తరబడి లారీలు ఆగిపోయాయి. మా పని కాదని మన ప్రభుత్వం చెప్పింది. గ్యాస్ సిలిండర్ లేక కట్టెలపొయ్యి మీద వండుకున్న నేపాలీలు ఆ చలికాలాన్ని మర్చిపోలేదు. 1971లో సుమారు 93,000 మంది పాకిస్తానీలు, ఎక్కువమంది సైనికులే, లొంగిపోతే వాళ్లని కాపాడి తిరిగి పంపాం, గెలిచిన నేలని ఉంచుకోకుండా బంగ్లాదేశ్ ప్రజలకి అప్పగించి వచ్చాం. మనం ఇంకా పెద్దయ్యాక ఈ రెండో జ్ఞాపకంలా ఉండాలని నా కోరిక.

మా అమ్మాయిని మెడిసిన్‌కి చైనా పంపొచ్చా?

యుద్ధ భయంతో ఆపక్కర్లేదు. కానీ 2020లో సెలవులకి వచ్చిన పిల్లలు రెండేళ్లకి పైగా ఇక్కడే ఇరుక్కుని ఫోన్లలో క్లాసులు విన్నారు. మా పక్క వీధి అమ్మాయి శవపరీక్ష పాఠం కూడా స్క్రీన్ మీదే చూసింది. తిరిగొచ్చాక రాయాల్సిన స్క్రీనింగ్ పరీక్ష కష్టమైనది. కన్సల్టెన్సీ వాళ్ల మాట ఒక్కటే విని అప్పు చేయకండి.

మా అబ్బాయి లేహ్‌లో ఉన్నాడు అన్నయ్యగారూ. టీవీ పెడితే భయమేస్తోంది. వార్తల్లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

అమ్మా, ముందు రాత్రి తొమ్మిదింటి చర్చలు వదిలేయండి. అక్కడ అరిచేవాళ్లలో ఎవరూ ఆ కొండ ఎక్కరు. నేను చూసేవి ఇవి. రెండు వైపుల కమాండర్లు కూర్చుని మాట్లాడుతున్నారా, వాయిదా పడుతున్నాయా? విమానాలు, వీసాలు నడుస్తున్నాయా? కైలాస మానససరోవర యాత్ర సాగుతోందా? అది 2020 నుంచి అయిదేళ్లు ఆగి 2025లో మళ్లీ మొదలైంది. చైనా నాయకుల మాటల్లో "చివరి అవకాశం", "ఓపిక నశించింది" లాంటివి పెరుగుతున్నాయా? ఒక్కరోజు వార్త చూసి బెంగపడకండి, నెలల తరబడి ఏ దిక్కుగా నడుస్తోందో చూడండి. గల్వాన్ తర్వాత కోర్ కమాండర్ల స్థాయి చర్చలు ఇరవై విడతలు దాటాయి. చాలాసార్లు ఏమీ తేలలేదు. అయినా మళ్లీ కూర్చున్నారు.

పోయిన ఆదివారం ఆవిడ మళ్లీ వచ్చింది. పాల లెక్క రాసుకునే డైరీ తెచ్చింది. ఒక పేజీలో అర లీటరు, అర లీటరు అని వరసగా ఉంది. ఎదురు పేజీలో చర్చలు జరిగిన తేదీలు, పక్కనే అబ్బాయి ఫోన్ చేసిన తేదీలు పెన్సిల్‌తో రాసుకుంది. అక్టోబరు తేదీ ఒకటి సరిగ్గా ఉందో లేదో చూడమంది. చూసి సరిచేసి ఇచ్చాను.